గోడ మీద నల్లచారలు... ముందు నీటి దారి చూడండి

ప్రశ్న: రెండేళ్ల క్రితమే బయటి గోడలకు ఖరీదైన ఎమల్షన్ వేయించాం. పిట్టగోడ కింద, సజ్జల అడుగున మళ్లీ నల్లటి చారలు దిగాయి. ఈ వేసవిలో కడిగించి ఇంకో కోటు వేయిస్తే పోతాయా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పోవండీ, మళ్లీ వస్తాయి. అలాంటి చారల్లో కనిపించే నలుపు చాలావరకు పాచి. తడి ఆరని చోటల్లా పడుతుంది. దాని మీదే రంగు వేస్తే ఆ పొర గోడను పట్టుకోదు, పెచ్చులుగా లేస్తుంది.

ముందు మేడెక్కి పిట్టగోడ నెత్తిన చెంబుడు నీళ్లు పోయండి. అవి వీధి వైపు జారాయంటే తప్పు అక్కడే ఉంది. నెత్తి వాలు డాబా లోపలికి ఉండాలి. తొమ్మిదంగుళాల గోడకు లోపలి అంచు ముప్పావు అంగుళం పల్లంగా ఉండేలా మేస్త్రితో మళ్లీ పూత వేయించండి. తర్వాత సజ్జ అంచు అడుగున వేలితో తడమండి. పొడవునా సన్నటి గాడి తగలాలి. అది లేకపోతే వాన చుక్క అంచున రాలిపోకుండా అడుగును అంటిపెట్టుకుని గోడ దాకా పాకుతుంది. గాడి ఉన్న ఇళ్లలోనూ రంగులేసేవాళ్లు పుట్టీతో పూడ్చేస్తుంటారు, దగ్గరుండి చూసుకోండి. కొత్తగా కోయించేటప్పుడు కోత ప్లాస్టరింగ్ మందం దాటకూడదు. దాటితే లోపలి కమ్మికి తడి తగిలి తుప్పు పడుతుంది. అంత మందం లేదనుకుంటే అంచుకు ఎల్ ఆకారం అల్యూమినియం పట్టీ బిగించి, పైన సీలెంట్ పెట్టించండి.

ఇక కడగడం. పది లీటర్ల నీళ్లలో కిలో బ్లీచింగ్ పౌడర్ కలిపి గంటసేపు కదపకుండా ఉంచండి. పైకి తేరిన తేటనీరే వాడండి, అడుగు ముద్ద గోడకు పూస్తే తెల్లగా సుద్ద మిగులుతుంది. పాచిని నైలాన్ బ్రష్‌తో గీకి, తేటనీరు పట్టించి, రాత్రంతా వదిలేసి, పొద్దున మంచినీళ్లతో బాగా కడగాలి. ఇనుప బ్రష్ వద్దు, దాని పోగులు గోడలో మిగిలి తుప్పు మరకలవుతాయి. గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. కింద తులసి కోట, కుండీలు ఉంటే కప్పండి. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: బ్లీచింగ్‌లో యాసిడ్ ఎప్పుడూ కలపకండి, క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరాడదు.

కడిగాక కనీసం మూడు రోజులు ఎండనివ్వండి. వెంట్రుకవాసి పగుళ్లను కూడా కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, యాక్రిలిక్ క్రాక్‌ఫిల్ నింపాలి. కొత్త ప్లాస్టరింగ్ చేసిన చోట మాత్రం 28 రోజులు ఆగాల్సిందే. ఆ తర్వాత బయటి గోడల ప్రైమర్ ఒక కోటు, ఎమల్షన్ రెండు కోట్లు. డబ్బా మీద రాసిన దానికన్నా చెంబెడు నీళ్లు ఎక్కువ పోసినా రంగు త్వరగా వెలిసిపోతుంది.

ప్రశ్న: గేటు పక్క గోడకు తాండూరు బండలు అతికించాం. సిమెంటు మరకలు పోవాలని యాసిడ్‌తో కడిగితే బండలు తెల్లగా వెలిసిపోయాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, వికారాబాద్

జవాబు: తాండూరు బండ సున్నపురాయి. యాసిడ్ పడగానే బుసబుసా నురగ వచ్చి ఉంటుంది కదా, అది మరక కరుగుతున్న నురగే కాదు, రాయి కూడా కరిగింది. పోయిన నునుపు ఏ సబ్బుతోనూ రాదు. మెషిన్‌తో మళ్లీ పాలిష్ పట్టించాలి. ఈలోగా లీటరుకు రెండు చెంచాల వంటసోడా కలిపిన నీళ్లు పోసి, పైన మంచినీళ్లతో కడగండి, సందుల్లో యాసిడ్ మిగలకూడదు. కడప, బేతంచెర్ల రాళ్లకూ ఇదే జాగ్రత్త. వాటికి ఘాటు లేని సబ్బునీళ్లు, మెత్తని బ్రష్ చాలు. సిమెంటు మరకను పచ్చిగా ఉన్నప్పుడే తడిగుడ్డతో తుడిచేయించాలి.

ప్రశ్న: వాన గొట్టం పక్కన గోడలో రావి మొక్క మొలిచింది. కోస్తే మళ్లీ వస్తోంది.
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: కోస్తే వేరు ఇంకా బలుస్తుంది. చుట్టూ ప్లాస్టరింగ్ కొట్టించి వేరు చివరిదాకా తీయించి, పాలిమర్ మోర్టార్‌తో పూడ్పించండి. గొట్టం అతుకు కారుతోందేమో కూడా చూడండి, ఆ మొక్క తాగుతున్నది ఆ నీళ్లే అయి ఉండవచ్చు.