సెమినార్‌లో మధ్యలో ఆగిపోతుంటే ముందు బట్టీ మానెయ్

తమ్ముడూ, రాసుకున్నదంతా బట్టీ పట్టి వెళ్లినా మూడో వాక్యం దగ్గరే ఆగిపోయి కాళ్లూ చేతులూ వణికాయన్నావు, వచ్చే వారం ఇంగ్లీషు కోర్సులో సి.పి. బ్రౌన్ మీద ఐదు నిమిషాలు మాట్లాడాలన్నావు. నా ఉద్దేశంలో తప్పంతా ఆ బట్టీదే, ఒక్క మాట జారితే వెనకున్నవన్నీ పోతాయి.

మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం నోటికి రావాలి. మిగతాది మందపాటి అట్టముక్క మీద నాలుగు ముక్కల్లో రాసుకో: 1820లో కడప రావడం, పండితులతో రాతప్రతులు రాయించడం, 1829లో వేమన పద్యాల ప్రచురణ, తర్వాత నిఘంటువు. పల్చటి కాగితమైతే చేతి వణుకు చివరి బెంచీ దాకా కనిపిస్తుంది, అందుకే అట్ట. దయచేసి పుట్టిన తేదీతో మొదలుపెట్టొద్దు! మన కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉన్న చోటే ఒకప్పుడు ఆయన బంగ్లా ఉండేదని మొదలుపెట్టు, రోజూ ఆ దారిన పోయేవాళ్లు కూడా తలెత్తి వింటారు.

మనసులో చదువుకుంటే లాభం లేదు. క్లాసులయ్యాక ఖాళీ గదిలో నిలబడి గట్టిగా చెప్పు, ఫ్రెండ్‌ని చివరి బెంచీలో కూర్చోబెట్టి వినపడకపోతే చెయ్యెత్తమను. ప్రతిసారీ మాటలు మారినా పర్లేదు, వరస మారకూడదు. గుండె దడ అడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల, అందరికీ ఉండేదే. లేవబోయే ముందు ఊపిరి నెమ్మదిగా వదులు. మర్చిపోతే సారీలు చెప్పకుండా తీరిగ్గా అట్ట చూసుకో. ఇంగ్లీషు మాట తట్టకపోతే తెలుగులో అనేసి ముందుకెళ్లొచ్చా అని మేడంని ఇప్పుడే అడిగిపెట్టుకో, సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.