లేబుళ్లు ప్రెస్సుకి వెళ్లే ముందు

చిట్టితల్లీ,

ఆవకాయ సీసాల మీద క్యూఆర్ కోడ్ వేయిస్తున్నావని, రెండువేల లేబుళ్లకి అడ్వాన్సు కూడా ఇచ్చేశావని మీ అమ్మ చెప్పింది. కాయ ఏ తోటదో, ఏ రోజు కలిపారో కొన్నవాళ్లకి తెలియాలన్న నీ ఆలోచనకి మురిసిపోయాను. అడ్వాన్సు మాట వినగానే గుండె గుభేలుమంది.

తెల్ల నేల, నల్ల సిరా. ఎర్ర నేల మీద తెల్ల గళ్లు అందంగా ఉంటాయంటారు, ఒప్పుకోకు. రంగులు తిరగేస్తే కొన్ని ఫోన్లు చదవవు. మెరుపు లామినేషన్ వద్దు, మ్యాట్ చాలు.

ఇక పాత తప్పు. అందరూ చేసేదే, నువ్వూ ఈపాటికి చేసే ఉంటావు. 1994లో జపాన్‌లో డెన్సో వాళ్లు కారు విడిభాగాల లెక్కకోసం పుట్టించిన ఈ కోడ్‌కి గడువంటూ లేదు. గళ్లలో ఉండేది ఒట్టి అక్షరాలే. కానీ ఫ్రీగా కోడ్ చేసిపెట్టే సైట్లు కొన్ని అందులో నీ చిరునామా పెట్టవు, వాళ్లది పెడతాయి. స్కాన్ చేసినవాళ్లు ముందు వాళ్ల గుమ్మం తొక్కి, అక్కణ్ణుంచి నీ ఇంటికి రావాలి. ట్రయల్ అయిపోయిందా, గుమ్మం మూస్తారు. సీసా మాత్రం ఎవరి వంటింట్లోనో ఉంటుంది. పచ్చడి అయిపోయినా కడిగి చింతపండు పోసుకుంటారు తల్లీ, ఏళ్ల తరబడి!

ఇప్పుడే ఫోను పెట్టి చూడు. లింకు నొక్కకముందే తెర మీద చిరునామా కనిపిస్తుంది. అందులో నీ సైటు పేరు లేకపోతే ప్రెస్సుకి ఫోన్ చేసి ఆపించు.

సొంత డొమైన్ కొను, ఆటో రెన్యువల్ పెట్టు. అది వదిలేస్తే ఏ జూదం సైటువాడో కొనుక్కుంటాడు, నీ సీసాలు వాడికి దారి చూపిస్తాయి. నాకున్న అసలు భయం ఇదే. చిరునామా అంతా క్యాపిటల్ లెటర్స్‌లో ఇవ్వు. కోడ్ కొంత చెడినా చదివించే ఓర్పుకి స్థాయిలుంటాయి; అందులో క్యూ స్థాయిలో 25 వరసల కోడ్‌లో క్యాపిటల్స్ అయితే 29 అక్షరాలు పడతాయి, చిన్నవైతే 20 మాత్రమే. ఆ స్థాయిలో దాదాపు పాతిక శాతం చెడినా చదువుతుంది; నూనె చేతులకి అంత ఓర్పు అవసరమే. రెండున్నర సెంటీమీటర్లు వెయ్యి, గడి మిల్లీమీటరు వస్తుంది. చుట్టూ నాలుగు మిల్లీమీటర్లు ఖాళీ వదలాలి, అక్కడ పువ్వులూ గీతలూ వద్దు. పేజీ తర్వాత మార్చాలనుకుంటే సైటు అబ్బాయిని 302 రీడైరెక్టు, అంటే తాత్కాలికంగా వేరే పేజీకి మళ్లించే దారి, పెట్టమను. శాశ్వత దారి అయిన 301 పెడితే ఫోన్లు పాత దారినే గుర్తుపెట్టుకుంటాయి.

కోడ్ కింద 'కాయ వివరాలు చూడండి' అని వేయించు. లేకపోతే డబ్బు కట్టే స్కానర్ అనుకుంటారు.

ప్రూఫ్ రాగానే ఒకటి సీసాకి అంటించు. వేలితో కాస్త నూనె రాసి, మీ నానమ్మ పాత ఫోనుతో, వంటింటి బల్బు కింద చూడు. తేడా వస్తే మొహమాటపడకు, నాకు చెప్పు. అడ్వాన్సు పోతే నేనిస్తాను.

మీ పెదనాన్న