కొత్త కారు బ్రేక్ పెడల్ కిందికి దిగిపోతుంటే

బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి ఉంచితే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోందని, సర్వీస్ సెంటర్‌లో "కొత్త బండి కదా, సెట్ అవుతుంది" అని పంపేశారని రాశారు. ఇది దానంతటదే సెట్ అయ్యేది కాదండీ. కొత్త ప్యాడ్లు మొదట్లో కాస్త చప్పుడు చేయొచ్చు. పెడల్ మాత్రం అలా దిగకూడదు.

బండి ఆగి ఉన్నప్పుడే ఒకటి చూడండి. ఇంజిన్ ఆపి, గట్టిపడేదాకా పెడల్ నాలుగైదు సార్లు తొక్కండి. కాలు తీయకుండా స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగి ఆగాలి. అలా ఆగితే మీ కాలి ఒత్తిడిని పెంచే బూస్టర్ పనిచేస్తున్నట్టే. ఆగకుండా దిగుతూనే ఉంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో సీల్ పోయి ఉండొచ్చు, లేదా ఎక్కడో బ్రేక్ ఆయిల్ కారుతుండొచ్చు. చక్రాల లోపలి వైపు తడి ఉందేమో, బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఆయిల్ మిన్ (కనిష్ఠ) గీత కంటే తగ్గిందేమో చూడండి. సీల్ ఆయిల్‌ను లోపలే వదిలేస్తుంటే బయట ఒక్క చుక్క కూడా కనపడకపోవచ్చు. పైపైన చూసి "అంతా ఓకే" అనేది ఇక్కడే.

దయచేసి ఆ బండి నడపకండి, ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు అసలే వద్దు. టోయింగ్ అడగండి. సర్వీస్ అడ్వైజర్‌నే సీట్లో కూర్చోబెట్టి, పెడల్ తొక్కించి చూపించండి. జాబ్ కార్డులో (బండి ఇచ్చేటప్పుడు మీ ఫిర్యాదు రాసే కాగితం) "జనరల్ చెకప్" అని రాయనివ్వకండి. "బ్రేక్ తొక్కి ఉంచితే పెడల్ దిగిపోతోంది" అని రాయించి, కాపీ తీసుకోండి. వీడియోతో కంపెనీకి మెయిల్ పెట్టండి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ మీ తరఫున మాట్లాడేది ఆ జాబ్ కార్డే.