బైండ్ వెర్షన్ కనబడకుండా చేస్తే చాలా, లేక అప్‌డేట్ చేయాల్సిందేనా?

అడిగింది క్లుప్తంగా: సంస్థ డొమైన్‌కి రెండు బైండ్ (పేర్లకు అడ్రస్‌లు చెప్పే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్) సర్వర్లు ఉన్నాయి. ఆఫీసు కంప్యూటర్లకు రిజాల్వర్లూ (ఏ పేరుకైనా అడ్రస్ వెతికి తెచ్చేవి) అవే. ఆడిట్ స్కానర్ "పాత వెర్షన్" అని ఎర్రగా చూపిస్తోంది. అప్‌డేట్ చేస్తే మెయిలూ వెబ్‌సైటూ ఆగిపోతాయేమోనని భయం.

వెర్షన్ దాస్తే స్కానర్ నోరు మూతపడుతుంది, అంతే. దాడి చేసేవాడు వెర్షన్ అడిగి కూర్చోడు, నేరుగా ప్యాకెట్ విసిరి చూస్తాడు. 2015 జూలైలో బయటపడ్డ బైండ్ టీకీ లోపం (భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2015-5477) అలాంటిదే. ఒక్క ప్యాకెట్‌తో నేమ్‌డ్ (బైండ్ సర్వర్ ప్రోగ్రామ్) కూలిపోయేది, కాన్ఫిగ్‌లో ఏ సెట్టింగూ దాన్ని ఆపలేకపోయింది.

అలాగని స్కానర్ చెప్పిందల్లా నిజం కాదు. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు వెర్షన్ నంబర్‌ను పాతదే ఉంచి, భద్రతా ప్యాచ్‌లను మాత్రం అందులో కలుపుతుంటాయి. రెడ్ హ్యాట్ లినక్స్ 9లో బైండ్ 9.16.23 అని కనిపిస్తుంది. బైండ్ తయారుచేసే ఐఎస్‌సీ 9.16కి మద్దతు ఆపేసింది 2024 ఏప్రిల్‌లో, కానీ రెడ్ హ్యాట్ ప్యాచ్‌లు ఆగలేదు. ప్యాకేజీ ఛేంజ్‌లాగ్‌లో సీవీఈ నంబర్ వెతికి, ఆ లైన్ ఆడిటర్‌కి చూపించండి. దీనికంటే ప్రమాదకరమైన పొరపాటు ఇంకోటుంది: ప్యాకేజీ కొత్తదే, నడుస్తున్న ప్రాసెస్ మాత్రం పాతది. రీలోడ్ చేస్తే కాన్ఫిగ్, జోన్లు (డొమైన్ రికార్డుల ఫైళ్లు) మాత్రమే మళ్లీ చదువుతుంది. ప్రోగ్రామ్ మారాలంటే రీస్టార్ట్ చేయాల్సిందే. "ఆర్‌ఎన్‌డీసీ స్టేటస్" కొట్టి వెర్షన్, బూట్ టైమ్ రెండూ చూడండి. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.)

ఇక భయం సంగతి. డొమైన్‌కి జవాబిచ్చే సర్వర్లలో ఒకటి పది నిమిషాలు పడుకున్నా బయటివాళ్లకు తెలియదు, వాళ్ల రిజాల్వర్లు రెండోదాన్ని అడుగుతాయి. మీ ఆఫీసు కంప్యూటర్ల తీరు వేరు. లినక్స్ యంత్రాలైతే మొదటి రిజాల్వర్ పలక్కపోతే మామూలుగా 5 సెకన్లు ఆగి, ఆ తర్వాతే రెండోదాని దగ్గరికి వెళ్తాయి. ప్రతి పేరుకీ ఆ ఆలస్యమే. "నెట్ పోయింది" అని ఫోన్లు వచ్చేది ఇందుకే. అంటే మీ భయమంతా రిజాల్వర్ వల్ల వచ్చింది, దానికి డొమైన్ సర్వర్ అప్‌డేట్ బలవుతోంది. అందుకే ముందు ఆ రెండు పనులనూ విడదీయండి.

విడదీయడానికి ఇంకో కారణం 2024 ఫిబ్రవరిలో బయటపడ్డ కీట్రాప్ (సీవీఈ-2023-50387). డీఎన్ఎస్‌సెక్ (డీఎన్ఎస్ జవాబు అసలైనదేనని చూపే సంతకాలు) సరిచూసే రిజాల్వర్‌ను ఒకే జవాబుతో సీపీయూ ఊపిరాడకుండా చేసేది. రెండు పనులూ ఒకే ప్రాసెస్ చేస్తుంటే దాంతోపాటు మీ డొమైన్ కూడా మూగబోతుంది.

రిజాల్వర్‌కి వేరే యంత్రం పెట్టండి, అన్‌బౌండ్ (ఇంకో రిజాల్వర్ సాఫ్ట్‌వేర్) అయినా బైండ్ అయినా ఫర్వాలేదు. లోపలి నెట్‌వర్క్ అడ్రస్‌లకు మాత్రమే రికర్షన్ (ఇతర డొమైన్ల పేర్లు కూడా వెతికిపెట్టే సేవ) ఇవ్వండి. లోకమంతటికీ తెరిచి పెడితే ఇతరుల మీద దాడికి మీ సర్వర్‌నే వాడుకుంటారు. పాత సర్వర్లలో "రికర్షన్ నో" పెట్టే ముందు ఒక వారం క్వెరీ లాగ్ ఆన్ చేయండి. రికర్షన్ కోరిన ప్రశ్నల లైన్లో రికార్డ్ రకం తర్వాత ప్లస్ గుర్తు ఉంటుంది. ఎప్పుడో చేత్తో అడ్రస్ కొట్టిన ప్రింటర్లూ కెమెరాలూ అక్కడే బయటపడతాయి.

ఇక అప్‌డేట్. కాన్ఫిగ్, జోన్ ఫైళ్లతో పాటు డీఎన్ఎస్‌సెక్ కీల డైరెక్టరీని కూడా బ్యాకప్ తీయండి, చాలామంది మరిచిపోయేది అదే. ముందు సెకండరీ (ప్రైమరీ నుంచి జోన్ కాపీ తెచ్చుకునేది), ఒక రోజు చూసి తర్వాత ప్రైమరీ. కొత్త వెర్షన్‌తో వచ్చిన నేమ్‌డ్-చెక్‌కాన్ఫ్‌తో పాత కాన్ఫిగ్‌ను ముందే వేరే యంత్రం మీద పరీక్షించండి.

బైండ్ 9.20కి వెళ్తుంటే రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి, అందులో "అలో-ట్రాన్స్‌ఫర్" రాయకపోతే జోన్ ట్రాన్స్‌ఫర్ (జోన్ కాపీ) ఎవరికీ ఇవ్వదు. అప్‌డేట్ అయిన రోజు అంతా బాగానే ఉంటుంది. సెకండరీ తన పాత కాపీతో జవాబిస్తూ, ఎస్‌ఓఏ (జోన్ గడువులూ సీరియల్ నంబరూ ఉండే రికార్డు)లోని ఎక్స్‌పైర్ గడువు దాటిన రోజున సర్వ్‌ఫెయిల్ (జవాబివ్వలేననే ఎర్రర్) మొదలుపెడుతుంది. ఆ గడువు 1209600 సెకన్లయితే రెండు వారాల తర్వాతన్నమాట, అప్పటికి అప్‌డేట్ సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే సీరియల్ ఒకటి పెంచి, రెండు సర్వర్లనూ విడివిడిగా అడిగి, కొత్త నంబరే చెబుతున్నాయా చూడండి. ట్రాన్స్‌ఫర్‌ను టీసిగ్ కీకి (రెండు సర్వర్లూ పంచుకునే రహస్య కీ) మాత్రమే ఇవ్వండి. రెండు గడియారాల మధ్య తేడా 300 సెకన్లు దాటితే బ్యాడ్‌టైమ్ అని తిరస్కరిస్తుంది, కాబట్టి ఎన్‌టీపీ (గడియారాన్ని సరిచేసేది) నడుస్తుండాలి.

రెండోది ఇంకా ఘాటైనది. "ఆటో-డీఎన్ఎస్‌సెక్" ఆప్షన్‌ను 9.20లో తీసేశారు, ఆ లైన్ ఉంటే నేమ్‌డ్ లేవదు. అప్పుడు హడావిడిగా "డీఎన్ఎస్‌సెక్-పాలసీ డిఫాల్ట్" పెట్టేస్తారు. డిఫాల్ట్ పాలసీ అల్గారిథం 13. మీ పాత కీలు ఆర్‌ఎస్‌ఏవి, అంటే అల్గారిథం 8 అయితే, పాలసీకి సరిపోలేదని వాటిని పక్కన పెట్టేసి కొత్త కీ పుట్టిస్తుంది. పై జోన్‌లో మాత్రం పాత కీని సూచించే డీఎస్ రికార్డే ఉంటుంది. సరిచూసే రిజాల్వర్లన్నిటికీ మీ డొమైన్ నకిలీగా కనిపిస్తుంది. కాబట్టి మొదట ఇప్పుడున్న కీల అల్గారిథం, సైజు అచ్చంగా సరిపోయే సొంత పాలసీ రాసి, దానితోనే మారండి. అల్గారిథం మార్పు కావాలంటే అది వేరే రోజు పని.

కొత్త రిజాల్వర్‌లో ఒక చిన్న తనిఖీ: డీఎన్ఎస్‌సెక్ నమ్మకానికి మూలమైన రూట్ జోన్ కీని 2026 అక్టోబర్ 11న మార్చాలని తేదీ పెట్టారు. బైండ్ అయితే "ఆర్‌ఎన్‌డీసీ మేనేజ్డ్-కీస్ స్టేటస్"లో పాత కీ 20326తో పాటు కొత్త కీ 38696 కూడా కనబడాలి. కనబడకపోతే చాలాసార్లు కారణం ఒకటే, నేమ్‌డ్‌కి ఆ కీలు దాచుకునే డైరెక్టరీలో రాసే అనుమతి లేకపోవడం. కీని పాత పద్ధతిలో కాన్ఫిగ్‌లో చేత్తో రాసి ఉంటే అది తనంతట తాను మారదు.

ఫైర్‌వాల్‌లో పోర్ట్ 53 టీసీపీకీ యూడీపీకీ రెండింటికీ తెరిచి ఉందా చూడండి. రిజిస్ట్రార్ (డొమైన్ నమోదు చేసిన సంస్థ) ఖాతాకి రెండంచెల లాగిన్ పెట్టి, డొమైన్‌ను వేరే చోటికి తరలించకుండా ట్రాన్స్‌ఫర్ లాక్ వేయండి. ఆ పాస్‌వర్డ్ పోతే నేమ్ సర్వర్లనే మార్చేస్తారు, అప్పుడు మీ బైండ్ ఏ వెర్షనో ఎవరూ అడగరు.