ద్రాక్ష పందిరి కింద గరాటు గూడు: అది ఏ సాలీడు?

మీ ప్రశ్న చదవగానే గుంటూరులో మా పెరట్లో కట్టిన ఇలాంటి గూడే గుర్తొచ్చిందండి. విజయవాడలో మీ ద్రాక్ష పందిరి మొదట్లో గడ్డి మీద గుడ్డ పరిచినట్టు తెల్లటి గూడు, ఓ మూల గరాటులా లోపలికి దిగిన బొరియ, దాని నోట్లో గోధుమరంగు సాలీడు. ఫోనులో వెతికితే కాలిఫోర్నియా ద్రాక్షతోటల ఫనెల్ వీవర్ (గరాటు గూడు కట్టే సాలీడు) అని చూపించింది, పిల్లలు తిరిగే చోటు కాబట్టి టెన్షన్‌గా ఉంది అన్నారు.

ఫోను చూపించిన సాలీడు నిజంగానే ఉంది. హోలోలీనా నెడ్రా అంటారు, అజెలీనిడే కుటుంబం, అక్కడి తోటల్లో ఉంటుంది. మీ పందిరి కిందది అది కాదనే నా అభిప్రాయం. మన వైపు పచ్చికలో, చేలగట్ల మీద ఇలాంటి గూడు కట్టేది ఎక్కువగా హిప్పాసా. ఇది తోడేలు సాలీళ్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో చాలావాటికి గూడు కట్టే ఓపిక లేదు, నేల మీద తిరిగి వేటాడతాయి. ఇది మాత్రం గరాటు కట్టుకుని కూర్చుంటుంది. అందుకే గూడు చూసి తేల్చలేం. వెనక తోకల్లా పొడుచుకొచ్చే దారపు గొట్టాలూ రెండింటికీ ఉంటాయి. దారానికి జిగురు లేకపోవడం, పురుగు పడగానే గూడు పైన పరుగెత్తడం కూడా రెండింటి పద్ధతే.

తేడా కళ్లలో ఉంటుంది. అజెలీనిడేకి ఎనిమిది కళ్లూ దాదాపు ఒకే సైజులో, రెండు వరసల్లో. తోడేలు సాలీడుకి కింద నాలుగు చిన్నవి, వాటి పైన రెండు పెద్దవి, ఇంకాస్త వెనక నెత్తి మీద మరో రెండు. రాత్రి టార్చి నుదుటికి ఆనించి చూడండి, ఆ పెద్ద కళ్లు పచ్చగా మెరుస్తాయి. నేను మొదటిసారి టార్చి నడుం దగ్గర పట్టుకుని చూసి, ఏమీ మెరవలేదని చిరాకుపడి పడుకున్నాను.

ఇంకో గుర్తు మా అమ్మ పట్టుకుంది. "దాని వెనక మిరియపు గింజంత మూట వేలాడుతోందిరా" అంది. అది గుడ్ల సంచి. తోడేలు సాలీడు తల్లి దాన్ని వెంటే మోస్తుంది, పిల్లలు బయటికొచ్చాక వీపు మీద ఎక్కించుకుంటుంది. అజెలీనిడే తల్లి సంచిని మోయదు, ఒక చోట అతికించి పెడుతుంది. దాంతో నా అనుమానం తీరిపోయింది.

అంతకుముందు ఒకాయన మా గూడు చూసి బాగా విషమున్న ఆస్ట్రేలియా ఫనెల్ వెబ్ సాలీడు అని హడలగొట్టాడు. అది వేరే కుటుంబం, ఆ దేశంలోనే ఉంటుంది. ఆ భయంతో నేను మూడుసార్లు చీపురుతో ఊడ్చేశాను. ప్రతిసారీ మర్నాటికి మళ్లీ కట్టేది, సిగ్గేసి వదిలేశాను. మన హిప్పాసా పిరికిది, అడుగు చప్పుడుకే బొరియలోకి జారుకుంటుంది. చేత్తో నొక్కితే తప్ప కరవదు. పైగా ఆకుల మీద నుంచి పడే పచ్చదోమలు దానికి మేతే, అందుకని గూడున్న చోట మందు కొట్టకండి.

చేత్తో కెలక్కుండా, గడ్డిపరకతో గూడు అంచున మెల్లగా కదిలించండి. పురుగనుకుని బయటికొస్తుంది. అప్పుడు ఎదురుగా నుంచి ముఖం ఫోటో తీసి పెడితే, కళ్లు చూసి చెబుతాను.