హార్మోనిక్ బ్యాలెన్సర్‌ని సుత్తితో కొట్టి ఎక్కించొచ్చా?

ప్రశ్న: అన్నా, నమస్తే. ఒహాయోలో ఎమ్మెస్ చదువుతున్నాను. రూమ్మేట్‌తో కలిసి 1985 మోడల్ షెవ్రొలే పికప్ కొన్నాను. 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్. రింగులు, బేరింగులు మార్చి మళ్ళీ బిగిస్తున్నాం. ఇంజిన్ ముందు ఉండే హార్మోనిక్ బ్యాలెన్సర్ (కంపనాన్ని తగ్గించే చక్రం) క్రాంక్ మీదికి, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు మీదికి, ఎక్కడం లేదు. చెక్కముక్క అడ్డం పెట్టి సుత్తితో కొడితే ఎక్కుతుందని రూమ్మేట్ అంటున్నాడు. కొట్టొచ్చా? ఇది చూసి, డబ్బులిస్తాం మా బండ్లు కూడా చేసిపెట్టమని ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. ఒప్పుకోవచ్చా?

జవాబు: కొట్టొద్దు తమ్ముడూ. కొత్త బేరింగులు వేసుకున్న ఇంజిన్‌ని చివరి అరగంటలో పాడుచేసుకోవద్దు. ముందు నుంచి కొట్టే ప్రతి దెబ్బా క్రాంక్ పొడవునా వెళ్ళి, అది ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ బేరింగ్‌కి తగులుతుంది. మీ ఇంజిన్‌లో అది అన్నిటికంటే వెనక ఉన్న అయిదో మెయిన్ బేరింగ్. బ్యాలెన్సర్‌కి కూడా దెబ్బే. అది ఒకే ఇనుప ముద్ద కాదు. లోపల హబ్, బయట బరువైన రింగు, రెంటికీ మధ్య రబ్బరు పట్టీ ఉంటాయి. రింగు మీద దెబ్బ పడితే రబ్బరు చిరుగుతుంది, లేదా రింగు పక్కకి జరుగుతుంది.

ఆ రబ్బరు చేసే పని చాలా పెద్దది. సిలిండర్‌లో గ్యాస్ మండిన ప్రతిసారీ క్రాంక్ కొద్దిగా మెలితిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది. వీ8 ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకి నాలుగు సిలిండర్లు మండుతాయి కాబట్టి, 3,000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 12,000 సార్లు ఆ తోపు పడుతుంది. ఆ తోపుల వేగం క్రాంక్ సొంత కంపనంతో కలిసిందా, మెలిక పెరిగిపోతుంది, కొన్నాళ్ళకి క్రాంక్ విరగొచ్చు కూడా. బయటి రింగు బరువు వల్ల క్రాంక్‌తోపాటు వెంటనే మెలి తిరగదు. మధ్యలో రబ్బరు నలిగి ఆ కంపనాన్ని వేడిగా మార్చేస్తుంది. అందుకే ముందు మీ బ్యాలెన్సర్‌ని బల్ల మీద పెట్టి బాగా చూడండి. రబ్బరు పగిలినా, ఉబ్బి బయటికి వచ్చినా, రింగు వంకరగా ఉన్నా కొత్తది కొనండి. ఊడదీసేటప్పుడు గోళ్ళ పుల్లర్‌ని బయటి రింగుకి తగిలించి లాగారా? అలా లాగి ఉంటే రబ్బరు మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. హబ్‌కి ఉన్న మూడు మర కన్నాలకి బోల్టులు వేసి లాగే పుల్లరే దీనికి సరైనది.

కొత్తది కొంటే అది 350దేనని చూసుకోండి. 400 ఇంజిన్ బ్యాలెన్సర్ మీ క్రాంక్‌కి చక్కగా ఎక్కుతుంది, కానీ దాన్ని బరువు ఒక పక్కకి ఉండేలా చేస్తారు. అది వేస్తే బండి వణికిపోతుంది. సైజు కూడా పాతదే ఉండాలి. షెవీ చిన్న వీ8లకి 6, 6.75, 8 అంగుళాల బ్యాలెన్సర్లు వచ్చాయి, వాటిని బట్టి టైమింగ్ కవర్ మీది పాయింటర్ (బ్యాలెన్సర్ గీతని చూసుకునే ముల్లు) మారుతుంది.

అది చేత్తో ఎక్కకపోవడం లోపం కాదు, అలాగే ఉండాలి. హబ్ కన్నం క్రాంక్ కంటే వెంట్రుకవాసి చిన్నగా ఉంటుంది. మన ఊళ్ళలో బండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించినట్టే ఇదీ బిగువు మీదే నిలుస్తుంది. కాకపోతే పట్టాని కాల్చినట్టు దీన్ని మంట మీద పెట్టకండి, రబ్బరు పోతుంది. చేత్తో జారిపోయేంత వదులుగా ఉంటేనే భయపడాలి, ఆ హబ్ ఇక పనికిరాదు.

ఎక్కించడానికి బ్యాలెన్సర్ ఇన్‌స్టాలర్ అనే పనిముట్టు ఉంది. కొనక్కర్లేదు. ఆటోజోన్ లాంటి షాపుల్లో డిపాజిట్ కడితే ఇస్తారు, తిరిగి ఇచ్చేస్తే ఆ డబ్బు మొత్తం వెనక్కి వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళలో చాలామందికి ఈ సంగతే తెలియదు.

ముందు క్రాంక్ ముక్కునీ హబ్ లోపలి భాగాన్నీ శుభ్రంగా తుడవండి. గరుకు ఉంటే సన్న ఎమరీతో తీసేయండి. ఆయిల్ సీల్ రాసుకునే చోట హబ్ మీద గోటికి తగిలేంత గాడి పడి ఉంటే, దాని మీద పలుచటి రిపేర్ స్లీవ్ తొడగండి. లేకపోతే కొత్త సీల్ వేసినా ఆయిల్ కారుతుంది. సీల్ పెదవికి, క్రాంక్ ముక్కుకి కాస్త ఇంజిన్ ఆయిల్ రాయండి. హబ్ లోపలి కీ గాడిలో (క్రాంక్ మీది చిన్న ఇనుప ముక్క, అంటే కీ, కూర్చునే గాడి) కొద్దిగా సిలికాన్ సీలెంట్ పెట్టండి, ఆయిల్ ఆ సందులోంచే మెల్లగా బయటికి వస్తుంది.

తర్వాత ఇన్‌స్టాలర్ రాడ్‌ని క్రాంక్ లోపలికి మరలు పూర్తిగా పట్టేదాకా తిప్పండి. మీ క్రాంక్ మర 7/16 అంగుళం, అంగుళానికి 20 చుట్లది. గాడిని కీకి సరిగ్గా ఎదురుగా పెట్టి, ఇన్‌స్టాలర్ బేరింగ్ వేసి, దాని నట్ తిప్పుతూ నెమ్మదిగా లోపలికి తొయ్యండి. నట్ ఒక్కసారిగా బిగుసుకుపోయిందంటే హబ్ వెనక ఉన్న టైమింగ్ గేర్‌కి ఆనుకుంది. అక్కడ ఆపేయండి. క్రాంక్ బోల్ట్‌తోనే లాగేద్దామని మాత్రం అనుకోవద్దు. మొదట రెండు మూడు మరలే పట్టుకుంటాయి, అంత బలానికి అవి తెగిపోతే క్రాంక్ మళ్ళీ మెషిన్ షాపుకి వెళ్ళాలి.

చివరికి ఫ్లెక్స్‌ప్లేట్ (క్రాంక్ వెనక చివర ఉండే పళ్ళ చక్రం) తిరగకుండా పట్టించి, బోల్ట్‌ని టార్క్ రెంచ్‌తో 60 ఫుట్ పౌండ్లకి బిగించండి. రెంచ్ మీద న్యూటన్ మీటర్లు ఉంటే 81 దగ్గర పెట్టండి. రెండు అంకెలూ కలిపేసుకుని బోల్టులు తెంపేవాళ్ళు ఉన్నారు, ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఇవన్నీ మీ 350 లెక్కలు. హోండా లాంటి బండ్లకి పుల్లీ చేత్తోనే జారుతుంది, కానీ బోల్ట్ టార్క్ చాలా మోడళ్ళలో 180 ఫుట్ పౌండ్ల దాకా ఉంటుంది.

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, మొదటి సిలిండర్‌కి పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ని అడ్డుకునే చిన్న పనిముట్టు) పెట్టి బ్యాలెన్సర్ మీది సున్నా గీత నిజంగా పిస్టన్ పైకొచ్చిన చోటే ఉందో లేదో సరిచూసుకోండి. రింగు జరిగి ఉంటే స్పార్క్ ఎప్పుడు పడుతుందో చూపే టైమింగ్ లైట్ చెప్పేదంతా అబద్ధమే.

ఇక డబ్బు సంగతి. మీరు ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్నారు. ఫ్రెండుకి ఊరికే ఓ చెయ్యి వేయడం వేరు, డబ్బు తీసుకుని బండ్లు బాగుచేయడం వేరు. అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వస్తుంది, నగదు తీసుకున్నా, బదులుగా వస్తువు తీసుకున్నా ఇబ్బందే. స్టేటస్ పోతే తిరిగి తెచ్చుకోవడం క్రాంక్ మార్చినంత తేలిక కాదు. సందేహం ఉంటే కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారిని, అంటే మీ డీఎస్ఓని అడగండి. ఇప్పటికే ఎవరి దగ్గరైనా అడ్వాన్స్ తీసుకుని ఉంటే ఇవాళే తిరిగి ఇచ్చేయండి.