ఆ మెసేజ్ ఎవరి ఫోన్‌కి పోతుందమ్మా?

(ఇంజినీరింగ్ చదువుల మీద పాఠకుల ప్రశ్నలకు తిరుపతిలో ఉంటున్న ఒక రిటైర్డ్ మెకానికల్ లెక్చరర్ జవాబులు)

ప్రశ్న: సార్, నేను ఈసీఈ రెండో సంవత్సరం పూర్తి చేశాను. ఈ సెలవుల్లో మేం కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి. మా బ్యాచ్‌లో ఐదుగురం. చంద్రగిరి వైపు ఒక ఊరు ఇచ్చారు. అక్కడ స్మార్ట్ డస్ట్‌బిన్ పెడదామనుకుంటున్నాం. నిండగానే మెసేజ్ వస్తుంది. సీనియర్లేమో ‘మా రిపోర్టు ఇస్తాం, ఊరి పేరు మార్చుకోండి, సర్పంచ్ సంతకం, నాలుగు ఫొటోలు ఉంటే చాలు’ అంటున్నారు. నాకది నచ్చలేదు. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, తిరుపతి

జవాబు: ఆ సీనియర్ల రిపోర్టు నాకూ బాగా తెలుసమ్మా. నా సర్వీసులో ఒకే రిపోర్టును మూడు ఊళ్ల పేర్లతో దిద్దాను. మూడోదాంట్లో ఒకచోట మొదటి ఊరి పేరు మార్చడం మరిచిపోయారు.

ఇక నీ డస్ట్‌బిన్. చెత్త ఎంత ఎత్తుకొచ్చిందో కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సర్, దాన్ని నడిపే ఆర్డుయినో అనే చిన్న బోర్డు, మెసేజ్ పంపే జీఎస్ఎం మాడ్యూల్. రెండు రోజుల పని, ల్యాబ్‌లో చక్కగా పనిచేస్తుంది. కానీ ఆ మెసేజ్ ఎవరి ఫోన్‌కి పోతుంది? ఊళ్లో చెత్త ఎత్తేది పంచాయతీ మనిషి. మూడు చక్రాల బండితో ఇంటింటికీ తిరిగి, తడి చెత్తా పొడి చెత్తా వేరు చేసి, ఊరి బయట చెత్తతో ఎరువు చేసే ‘చెత్త నుంచి సంపద’ షెడ్డుకి చేర్చే మనిషి. డబ్బా నిండిందని ఆయనకి నీ సెన్సర్ చెప్పాలా? రోజూ కళ్లారా చూస్తూనే ఉంటాడు. ఆయన బాధ వేరే ఉంటుంది. నిండిన డబ్బా ఎత్తి వంచేటప్పుడు నడుం పట్టేస్తోందా, గుంతలో చక్రం దిగబడుతోందా, గాజు పెంకులు చేతికి గుచ్చుకుంటున్నాయా, అది ఆయన్నే అడగాలి. ఒక పొద్దున ఆరింటికల్లా పోయి, ఆ బండి వెంట ఊరంతా నడువు. ఫోన్ బ్యాగులోనే ఉండనీ.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేను ఒకసారి బాగా బోల్తా పడ్డాను. ఇరవై ఏళ్ల కిందటి మాట. చంద్రగిరికి అవతల ఒక పల్లెలో వేపచెట్టు కింద పదిహేను మంది ఆడవాళ్లు కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తున్నారు. అందరికీ బొటనవేళ్ల చివర్లు పగిలిపోయి ఉన్నాయి. బస్సు దిగి అది చూసిన నాకూ, నా వెంట ఉన్న నలుగురు పిల్లలకీ ప్రాణం ఉసూరుమంది. ఎవర్నీ ఏమీ అడగలేదు. కాలేజీకొచ్చి మూడు నెలలు తంటాలుపడి, పాత సైకిల్ సామాన్లతో తొక్కితే తిరిగే ఒలుపుడు మిషను తయారుచేశాం. దాన్ని ఆటోలో వేసుకుపోయి అదే చెట్టు కింద దించాం.

తొక్కి చూపించాం. ఒక పెద్దామె పప్పులు గుప్పిట్లోకి తీసుకుని, పొట్టు ఊదేసి, ‘బాగుండాది అయివోరా. నూనెకయితే పనికొస్తాయి. విత్తనానికి పనికిరావు’ అంది. చూస్తే నిజమే. ఇనుప కడ్డీలకి రాసుకుని ఎర్ర పొట్టు లేచిపోయింది, కొన్ని బద్దలయ్యాయి. పొట్టు లేచిన గింజ సరిగా మొలవదు, నేలలోనే బూజు పట్టిపోతుంది. అందుకే విత్తనానికి చేత్తో ఒలుస్తారు. రాయలసీమలో పుట్టి, ఎంటెక్ చదివిన నాకు ఆ సంగతి ఆ రోజు ఆమె చెప్తే తెలిసింది.

వెనక నుంచి ఇంకొకామె, ‘ఇది ఒలిస్తే మాకు కూలి ఎవురిస్తారు?’ అని అడిగింది. వాళ్లకి కూలి ‘పడి’ అనే కొలపాత్ర లెక్కన. ఎన్ని పడుల గింజలు ఒలిస్తే అంత డబ్బు. మా మిషను వాళ్ల వేళ్లు కాపాడి, కడుపు మీద కొట్టేది.

అప్పుడు సిగ్గు విడిచి, మీకేం కావాలని అడిగాం. కొలిచే పడి సరిగా లేదన్నారు. వాడీ వాడీ అడుగు బయటికి ఉబ్బిపోయింది, పడికి గుప్పెడు గింజలు ఎక్కువ పడుతున్నాయి. మా పిల్లలు మర్నాడు ల్యాబ్ నుంచి కొలజాడీ తెచ్చి, నీళ్లు పోసి కొలిచి చూపించారు. రైతు కూడా గొడవ చెయ్యలేదు, కొత్త పడి కొన్నాడు. మూడు నెలల మిషను కంటే ఆ పూట నీళ్లు పోసి కొలవడమే వాళ్లకి అక్కరకొచ్చింది. మిషన్ని ఒక నూనె గానుగ ఆయన పట్టుకుపోయాడు.

బండి వెంట నడిచాక నీకు ఏదో ఒక ఆలోచన వస్తుంది. వెంటనే ఇనుము కొయ్యకు. ముందు అట్టతో, వెదురుతో చేసి వాళ్ల చేతికియ్యి. అట్ట ముక్కనయితే ‘ఇది ఇట్ల కాదు’ అని మొహమాటం లేకుండా చెప్తారు. నిగనిగలాడే వస్తువు చేతిలో పెడితే, పాపం పిల్లలు కష్టపడ్డారని బాగుందనేస్తారు.

మీరు వచ్చేశాక అది చెడిపోతే ఎవరు బాగుచేస్తారో కూడా ఇప్పుడే ఆలోచించు. ఊళ్లో బోరింగు చూసే ఉంటావు కదా. ఆ ఇండియా మార్క్-2 పంపు 1970ల్లో పుట్టింది. అప్పటికే మహారాష్ట్రలో వాడుకలో ఉన్న షోలాపూర్ పంపు దానికి మాతృక. యూనిసెఫ్ తోడ్పాటుతో మద్రాసులోని ఒక ప్రభుత్వ కంపెనీ దాన్ని తయారుచేసింది. మొండి పంపు. ఊరు ఊరంతా పొద్దున్నుంచి రాత్రిదాకా కొట్టినా తట్టుకుంటుంది. అయితే లోపల వాషరు అరిగితే మాత్రం పైపులన్నీ పైకి లాగాలి. దానికి బండి, సామాన్లు, మనుషులు కావాలి. వాళ్లు వచ్చేదాకా ఆడవాళ్లు పక్క ఊరికి బిందెలు మొయ్యాల్సిందే. తర్వాత వచ్చిన మార్క్-3లో పైపు కాస్త లావు చేశారు. దాంతో పైపులు కదపకుండా పిస్టన్ ఒక్కటే పైకి తీసి వాషరు మార్చుకోవచ్చు. ఈ మార్పు నీళ్లు ఎక్కువ రావడానికి చేసింది కాదు, రిపేరు ఊరివాళ్ల చేతికి రావడానికి చేసింది. నీకూ నేను పెట్టే పరీక్ష అదే. మీరు చేసినదాని స్పేరు పార్టు చంద్రగిరి హార్డ్‌వేర్ షాపులో దొరకాలి. దొరక్కపోతే డిజైన్ మార్చు.

ప్రశ్న: మావాడు సీఎస్ఈ. సెలవుల్లో పైథాన్ కోచింగ్‌కి డబ్బు కట్టాను. కాలేజీ వాళ్లు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టని ఊళ్లు తిరగమంటున్నారు. సేవ చెయ్యాలంటే ఎన్ఎస్ఎస్ (నేషనల్ సర్వీస్ స్కీమ్) ఉంది కదండీ? ప్లేస్‌మెంట్ల గురించి టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఎన్ఎస్ఎస్ మంచిదేనండీ. గాంధీగారి శతజయంతి ఏడాది, 1969లో పెట్టారు. నేనూ అందులో కాలవ తవ్వాను. అయితే పార పట్టుకున్నాక బీఏ కుర్రాడైనా బీటెక్ కుర్రాడైనా ఒకటే. నా థెర్మోడైనమిక్స్‌తో ఆ కాలవకి పని పడలేదు. ఈ ప్రాజెక్టులో మీవాడు చదివిన చదువే వాడాలి.

మీ చిత్తూరులోనే జూన్, జులైల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడికాయల ట్రాక్టర్లు వరస కడతాయి కదా, డ్రైవర్లు రోడ్డు పక్కనే పడుకుంటారు. ఎవరి వంతు ఎప్పుడొస్తుందో మామూలు ఫోన్‌కి కూడా తెలిసేలా ఒక టోకెన్ పద్ధతి చెయ్యమనండి. పైథాన్ దానంతట అదే వస్తుంది. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి సొంత అనుభవం ఒకటి మిగులుతుంది. కోచింగ్ డబ్బు కట్టేశారు కాబట్టి సాయంత్రాలు పంపండి.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. మూడేళ్లుగా ఈ ప్రాజెక్టులు గైడ్ చేస్తున్నాను. ప్రతి బ్యాచూ మళ్లీ మొదట్నుంచి మొదలుపెడుతుంది, మార్కులు పడగానే వదిలేస్తుంది. ఏం చెయ్యాలి సార్?
– ఒక అధ్యాపకురాలు, తిరుపతి

జవాబు: మేడమ్, తప్పు పిల్లలది కాదు, క్యాలెండర్‌ది. రెండు నెలల్లో ఊరి పేరు, నలుగురి మొహాలు గుర్తుపట్టేసరికి వైవా వచ్చేస్తుంది.

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని పర్డ్యూ యూనివర్సిటీలో లియా జేమిసన్, ఎడ్వర్డ్ కాయిల్ అనే ప్రొఫెసర్లు 1995లో ఎపిక్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. తొలిసారి ఐదు జట్లు, నలభై మంది పిల్లలు. వాళ్లు పని చేసిపెట్టేది స్థానిక సేవాసంస్థలకి. నాకు నచ్చింది వాళ్ల జట్టు కూర్పు. ఒకే జట్టులో మొదటి సంవత్సరం వాళ్ల నుంచి ఆఖరి సంవత్సరం వాళ్ల దాకా ఉంటారు. సెమిస్టర్ అయిపోయినా ఆ సంస్థతో సంబంధం తెగదు, పని చేతులు మారుతూ సాగుతుంది. పెద్దవాళ్లు డిగ్రీ పుచ్చుకుని పోతే, పోయిన ఏడు స్క్రూలు బిగించిన పిల్ల ఈ ఏడు జట్టు నడుపుతుంది. మన ఉమ్మడి కుటుంబాల్లో వంట నేర్చుకున్నట్టే.

మన రెగ్యులేషన్స్ మీరూ నేనూ మార్చలేం. మీ చేతిలో ఉన్నవి మీరు చెయ్యండి. ఇరవై బ్యాచ్‌లని ఇరవై ఊళ్లకి చల్లకండి. మూడు ఊళ్లు పట్టుకుని ఐదేళ్లు వదలకండి. మీ కాలేజీ ఉన్నత్ భారత్ అభియాన్‌లో ఉంటే దత్తత ఊళ్ల పేర్లు ఆఫీసులో ఫైల్లోనే ఉంటాయి. 2014లో ఢిల్లీ ఐఐటీ సమన్వయంతో మొదలైన పథకం అది. ఆ ఫైలు చాలాచోట్ల తనిఖీ వాళ్లు వచ్చినప్పుడే బయటికొస్తుంది, మీరు ముందే తియ్యండి. రెండో సంవత్సరం వాళ్లు ఊరికి పోయేటప్పుడు ఇద్దరు మొదటి సంవత్సరం పిల్లల్ని వెంట పంపండి. ఊరికో పుస్తకం పెట్టండి. ఎవరితో మాట్లాడారు, ఏం చేశారు, ఏది పనిచెయ్యలేదు, అన్నీ అందులో ఉండాలి. ‘పనిచెయ్యలేదు’ అని రాస్తే మార్కులు తగ్గవని మొదటిరోజే చెప్పండి, లేకపోతే ఎవరూ రాయరు. కొన్ని మార్కులు పనిని తర్వాతి బ్యాచ్‌కి అప్పగించడానికి ఉంచండి. వైవాలో జూనియర్‌ని కూర్చోబెట్టి, ఆ పుస్తకం చూసి పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పమనండి. చెప్పలేకపోతే మార్కులు కోత పడాల్సింది సీనియర్లకి.

ప్రశ్న: పోయినేడు ఇంజినీరింగ్ పిల్లలు మా బడిలో చేతులు కడుక్కునే తొట్టి కట్టి, పేర్లతో బోర్డు పెట్టారు. నాలుగు నెలలకే కుళాయిలు పాడయ్యాయి. ఈ ఏడు ఇంకో బ్యాచ్ వస్తామంటోంది. రానివ్వాలా?
– ఒక ప్రధానోపాధ్యాయుడు, పాకాల

జవాబు: రానివ్వండి మాస్టారూ. అయితే కొత్తది కట్టొద్దనండి, ఆ తొట్టి దగ్గరే మొదలుపెట్టమనండి. ఒక రోజంతా మధ్యాహ్న భోజనం గంటప్పుడు అక్కడ నిలబడి, ఒకటో తరగతి పిల్లలకి కుళాయి అందుతోందా, ఎంతమంది ఒకేసారి తోసుకుంటున్నారు, ఎవరు కుళాయికి వేలాడుతున్నారు, చూడమనండి. అవి ఎందుకు విరిగాయో అక్కడే తేలుతుంది. బాగయ్యాక మీ వంట ఆయమ్మకి, ఏడో తరగతిలో చురుకైన ఇద్దరికి వాషరు మార్చడం నేర్పించి పొమ్మనండి. బోర్డు మీద పాత పేర్లు అలాగే ఉంచి, కింద వీళ్ల పేర్లు రాయించండి.